వీధిదీపం లేని సాక్ష్యం

ఆదోనిలో నేరం ఎవరు చేసినా చూసేవాడు మాత్రం మద్దయ్యే. పత్తి మార్కెట్టులో బోరాలు మాయమైనా, కోట కింది పేటలో కత్తిపోటు జరిగినా, ఆలూరు దారిలో సారా డబ్బాలు పట్టుబడినా, సరిగ్గా ఆ క్షణాన, సరిగ్గా ఆ చోట, వేరే పని మీద అటుగా పోతూ మద్దయ్య ఉండేవాడు. సోదా జరిపేటప్పుడు ఆ ప్రాంతంలో నివసించే గౌరవనీయులైన పౌరులను సాక్షులుగా పిలవాలని చట్టం చెబుతుంది. చట్టాన్ని గౌరవించడంలో మన పోలీసులను మించినవారు లేరు గనుక ప్రతి సోదాకూ ఒక గౌరవనీయుడు కావలసి వచ్చేవాడు. ఊళ్లో గౌరవనీయులకు కొదవ లేదు గాని, వాళ్లెవరికీ ఠాణా గడప తొక్కే తీరిక లేదు. ఠాణా ఎదుట గోలీ సోడా బండి పెట్టుకున్నవాడికి ఆ తీరిక ఉండి తీరాలి. బండి అక్కడ ఉండాలా వద్దా అని తేల్చేది ఠాణాయే కదా.

ఆ విధంగా 1972లో మద్దయ్య గౌరవనీయుడయ్యాడు. ఒక కేసులో అతడు యెమ్మిగనూరు నుంచి నూలు కొనడానికి వచ్చిన నేతగాడు. ఇంకొక కేసులో పత్తి దలాలి. మరొక కేసులో మంత్రాలయం యాత్రకు బయలుదేరి బస్సు తప్పినవాడు. ఒకదానికొకటి ఆమడ దూరంలో ఉన్న వీధులన్నింటిలోనూ అతడు చిరకాల నివాసి.

"ఏం మద్దన్నా, ఈ వారం నీ కాపురం యాడ?" అని సోడా తాగడానికి వచ్చిన హమాలీలు ఎగతాళి చేసేవారు.

"ఇంగా సెప్పల్యాదప్పా," అనేవాడు మద్దయ్య, సీసాలోని గోలీని బొటనవేలితో లోపలికి నెడుతూ. వాళ్లు నవ్వేవారు. అతడు నవ్వేవాడు కాదు. నిజంగానే ఇంకా ఎవరూ చెప్పలేదు.

చెప్పవలసినవాడు హెడ్డు కానిస్టేబులు భీమసేనరావు. ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్లయినా ముట్టని ఆచారపరుడు. గురువారం వస్తే మంత్రాలయం బస్సెక్కి బృందావనానికి ప్రదక్షిణం చేసి వచ్చేవాడు. మిగిలిన వారాల్లో సాక్షులకు పాఠం చెప్పేవాడు.

"చూడోయ్ మద్దయ్యా, కోర్టుకు కావల్సింది నీ కండ్లు. కండ్లన్నాక వెలుతురు కావల్ల. నువ్వు ఎప్పుడూ లైటు కంబం కింద ఉంటావు. ముద్దాయి నీకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాడు. వాని మొగం నీకు బాగా కనపడింది. అంతే. మిగతాదంతా స్వామి చూసుకుంటాడు."

"పగలు జరిగిందయితే సామీ?"

"పగలయితే ఇంగా మేలు. దీపం పని తప్పుతుంది."

మద్దయ్యను అబద్ధాలకోరు అంటే ఆ వృత్తిలోని తక్కినవారికి అన్యాయం చేసినట్లవుతుంది. తక్కిన కూలిసాక్షులు పాఠం వల్లె వేసేవారు; ప్లీడరు అడ్డు ప్రశ్న వేయగానే వల్లె తెగి, నీళ్లు నమిలేవారు. మద్దయ్య వల్లె వేయలేదు. విచారణకు ముందే నేరం జరిగిన చోటికి నడిచి పోయేవాడు. కంబం కింద నిలబడేవాడు. చెయ్యి చాపి దూరం చూసుకునేవాడు. తరవాత కళ్లు మూసుకుని, భీమసేనరావు ఎవరి పేరు చెబితే వాణ్ని అక్కడ నిలబెట్టి, చెప్పిన పని చేయించి, చెప్పిన వైపుకు పరుగెత్తించేవాడు. కళ్లు తెరిచేసరికి అది అతడు చూసినదైపోయేది. బోనెక్కి ప్రమాణం చేసేటప్పుడు అతడి గొంతు వణకలేదంటే కారణం తెగింపు కాదు. ఆ నిమిషాన అతడు నిజమే చెబుతున్నానని నమ్మాడు. ఇంతటి చిత్తశుద్ధిని ఓడించే సూత్రం మన సాక్ష్యాధార చట్టంలో ఏ మూలా లేదు.

దాని చేత ఎక్కువసార్లు ఓడినవాడు ఫక్రుద్దీన్ సాబ్. ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిల తరఫున నిలబడడం అలవాటైన పెద్ద ప్లీడరు. ఒకసారి గొర్రెల దొంగతనం కేసులో ఆయన మద్దయ్యను పట్టేశాననే అనుకున్నాడు.

"ఏమప్పా మద్దయ్యా, ఆ పల్లెకు కరెంటే రాల్యాదు గదా. దీపం యాడిది?"

"కరెంటు రాల్యాదు సాబ్. కంబాలు వచ్చిండాయి."

"వట్టి కంబం వెలుగిస్తాదా?"

"కంబం కింద వెన్నెల ఉండె సాబ్."

"ఆ పొద్దు అమాస!"

మద్దయ్య కళ్లు మూసుకుని లోపల వెతుక్కున్నాడు. "గొర్రెలు తెల్లగా ఉండె సాబ్," అన్నాడు, ఎంతో నిజాయితీగా.

కోర్టు హాలంతా నవ్వింది. తీర్పు మాత్రం నవ్వలేదు. ఇటువంటి స్వల్ప వైరుధ్యాలు సాక్షి సత్యసంధతకే నిదర్శనమని, పాఠం నేర్పిన సాక్షి అయితే ఇంత అమాయకంగా మాట్లాడడని మెజిస్ట్రేటు రాశాడు. ముద్దాయిగా నిలిచిన గొర్రెల కాపరి జైలుకు పోయాడు. అతడు లేని కాలంలో అతడి మంద ఏమైపోయిందో తీర్పులో లేదు. ఆ ప్రశ్న న్యాయస్థానం ఎదుట లేదు గనుక దానికి జవాబు ఉండవలసిన అవసరమూ లేదు.

1983 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, పిడకల మోపుతో పోతున్న ఎద్దుల బండి ఒకటి సోడా బండిని రాసుకుని ఒరిగింది. పిడకలు కిందపడి పగిలాయి. పసుపు పచ్చని పొడి లేచి మద్దయ్య ముఖాన కొట్టింది. అతడు దగ్గుతూ కళ్లు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ల వెనక ఒక చెయ్యి లేచింది. మణికట్టుకు రాగి కడియం. పిడికిట్లో రాయి.

అతడు బెదిరిపోయాడు. కారణం వృత్తిపరమైనది: ఇది ఏ కేసులోదో గుర్తు రావడం లేదు. వాయిదా దగ్గర పడిన కేసుదైతే, బోనులో నోరు తెరిచినప్పుడు ఒకదాని బదులు మరొకటి ఊడిపడితే, ఠాణా ఎదుట బండికి చోటుండదు. సాయంత్రానికి భీమసేనరావు ఇంటి అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, ఒక కేసు మర్సిపోయినాను."

"ఏ కేసోయ్?"

"అదే తెల్దు సామీ. జనం అరుస్తాండారు. కండ్లు మండే దుమ్ము. దాంట్లో ఒక సెయ్యి లేస్తాది, సేతిలో రాయి. అంతే."

"మొగం?"

"ల్యాదు సామీ."

"దీపం?"

"పగలే. అయినా ఏం కనపడదు."

"ఎంత దూరం?"

"తెల్దు."

భీమసేనరావుకు రోషం వచ్చింది. "ఇంత అధ్వానంగా నేనెప్పుడు నేర్పినానోయ్? మొగం ల్యాకుండా సాక్ష్యమా? ఇది నాది కాదు. వేరే ఠాణా వాండ్లకు కూడా పోయి చెప్తాండావా ఏం?"

"స్వామి మీద ఆన సామీ, మీకు తప్ప ఎవురికీ సెప్పల్యా. ఆ దుమ్ము పిడకల వాసన సామీ. దాన్ని బట్టి ఏమైనా..."

తమలపాకుకు సున్నం రాస్తున్న భీమసేనరావు వేలు ఆగిపోయింది. ఆకును మడవకుండానే పళ్లెంలో పెట్టాడు. లోపలికి తొంగి చూసి, ఎవరూ లేరని తేల్చుకున్నాడు.

"మర్చిపో," అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి 'గుర్తు పెట్టుకో' అన్న మాట తప్ప మద్దయ్య మరొకటి విని ఎరగడు. నేర్పినది గుర్తు పెట్టుకోవడం అతడికి చేతనవును. ఎవరూ నేర్పనిదాన్ని మరవడం ఎలాగో ఏ పాఠంలోనూ లేదు. ఆ రోజు నుంచి బట్టలు పిండుతున్నా, సీసాలు కడుగుతున్నా ఆ చెయ్యి లేస్తూనే ఉంది. దాని వెనక ముఖం కోసం వెతికితే దుమ్ము తప్ప ఏమీ లేదు.

చివరికి అతడు ఎవరూ ఊహించని గుమ్మం ఎక్కాడు. ఫక్రుద్దీన్ సాబ్ అతణ్ని చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మద్దయ్య సంగతంతా చెప్పి, "మీరు నా సాక్ష్యాలన్నీ ఇన్నోరు. ఇది దేంట్లోది సాబ్?" అని అడిగాడు.

"నీ సాక్ష్యాలన్నీ నాకు కంఠస్థం మద్దయ్యా. ఇంట్లో పిల్లోల్ల పేర్లు మార్చి పిలుస్తా గాని నీ లైటు కంబాలు మార్చి చెప్పను. ఇది వాట్లల్లో ల్యాదు."

"ఎవురూ నేర్పకుంటే నా తలకాయలోకి ఎట్లొచ్చె సాబ్?"

"చూసింటావేమో."

మద్దయ్య ఆ ప్లీడరు వంక వెర్రిగా చూశాడు. ఆ ఒక్క అవకాశం అతడికి తోచనే లేదు.

"పిడకల దుమ్ము అంతగా లేచేది కైరుప్పలలోనే గదా," అన్నాడు ఫక్రుద్దీన్ సాబ్. "ఎప్పుడన్నా పోయినావా?"

ఉగాది మరునాడు కైరుప్పలలో ఊరంతా రెండు పక్షాలుగా చీలి, వీరభద్రుడి తరఫునా కాళమ్మ తరఫునా పిడకలతో కొట్టుకుంటుంది. దెబ్బ తగిలినవాళ్లు గుడిలో విభూతి పూసుకుని ఇంటికి పోతారు. కొట్టింది ఎవరని అడగరు. అడగకూడదు. ఆ సాయంత్రం తగిలిన దెబ్బకు మనుషుల మీద కక్ష ఉండదు, కేసు ఉండదు. ఆ కట్టుబాటు పుణ్యాన తరతరాలుగా ఊరు ఒక్కటిగా నిలిచింది.

"మా వదినది ఆ ఊరే సాబ్. మా అన్న గోవిందన్న ఆడికి ఇల్లటం పోయినాడు. ఆ పండగ పొద్దే ఆడ సచ్చిపోయినాడు."

"ఎట్ల?"

మద్దయ్య వెన్ను నిటారుగా లేచింది. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. "గుడి మెట్ల మింద కాలు జారి పడినాడు. నేను సెయ్యి సాపితే అందేంత దూరంలో ఉండాను. బాగా కనపడింది."

ఫక్రుద్దీన్ సాబ్ కలం పక్కన పెట్టాడు.

"మళ్లీ చెప్పు."

మద్దయ్య మళ్లీ చెప్పాడు. ఒక్క అక్షరం మారలేదు.

"అన్న పోయిన మాట ఎవురన్నా ఇట్ల చెప్తారా మద్దయ్యా? ఇది నీ బోను గొంతు. ఈ పాఠం నీకెవరు చెప్పినారు?"

మద్దయ్య కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. అతడికి ఆ మెట్లు కనబడుతున్నాయి. అన్న కాలు జారడం కనబడుతోంది. గొర్రెల దొంగ కనబడినంత స్పష్టంగా, సారా డబ్బాలు కనబడినంత స్పష్టంగా. దుమ్ములో లేచిన చెయ్యి మాత్రం మసకగా ఉంది. ఈ రెండింటిలో ఒకటి మాత్రమే జరిగింది. అది ఏదో తేలకపోతే, తాను అన్న చావు చూసిన తమ్ముడా, ఆ చావుకు కూడా కూలిసాక్షియేనా అన్న సంగతి సైతం ఠాణాను అడిగి తెలుసుకోవలసినదే.

గోవిందన్న, మద్దయ్య యెమ్మిగనూరు నేతగాళ్ల బిడ్డలు. కైరుప్పలలో హులిగమ్మ తండ్రికి మగబిడ్డలు లేరు. ఇంటికి దిక్కుగా అల్లుణ్ని తెచ్చుకుని, ఇల్లటం ఆచారం ప్రకారం చేను అతడి పేరున పెడతానన్నాడు. అల్లుడు రాకపోయి ఉంటే ఆ చేను ఆమె పెదనాన్న కొడుకు పెద్దయ్య అనేవాడికి చేరేది. అల్లుడు పోయాక ఆ పెద్దయ్యకే చేరింది. హులిగమ్మ యెమ్మిగనూరు వచ్చి, నేతగాళ్ల వీధిలో కండెలు చుట్టుకుంటూ బతికింది. ఆ వీధికి మద్దయ్య ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పోలేదు.

"వదినా, నేను మద్దయ్యను."

రాట్నం ఆగలేదు. "ఏ మద్దయ్య? దలాలి మద్దయ్యనా, బస్సు తప్పిన మద్దయ్యనా? ఆదోని సంతకు పోయినోల్లంతా సెప్తానే ఉండారు. మా మరిది మద్దయ్యయితే ఆ పొద్దే పాయె."

"అన్న ఎట్ల పోయినాడు వదినా?"

ఇప్పుడు రాట్నం ఆగింది. "నన్నడుగుతావా? ఊరికంతా సెప్పినోనివి నువ్వే గదరా."

"ఊరికి సెప్పకముందు నీకేం సెప్తి?"

హులిగమ్మ అతడి ముఖంలోకి చూసింది. ఆ ప్రశ్న కోసం ఇన్నేళ్లు ఎదురుచూసిందో, ఎదురుచూడడం మానేసిందో ఆ చూపులో తెలియలేదు.

"దుమ్ములోంచి నా కాడికి ఉరికొచ్చినావు. కండ్లు తెరవల్యాకుండా ఉండావు. 'వదినా, పిడక కాదు, రాయి' అంటివి. రెండు మార్లు అంటివి. అంతలోకి ఆ పోలీసాయన వచ్చి నిన్ను తీసుకపాయె. ఇప్పుడు మీ ఊర్లో ఉండాడే, రావు, ఆయనే. నీ మొగం కడిగించినాడు. మెట్ల కాడ నిలబెట్టి రెండు భుజాలు పట్టుకొని, ఈడ నిలబడు, ఆడ చూడు, అనె. పెద్దయ్య ఎనకాలే ఉండె. మళ్లొచ్చి నా మొగాన ఏమంటివి? 'కాలు జారినాడు వదినా, బాగా కనపడింది.' ఆ కొంచెం సేపట్లో యాడికి పోయినావురా నువ్వు?"

ఆ ప్రాంతపు ఠాణాలో భీమసేనరావు అప్పుడు పనిచేసేవాడు. దేవుడి ఆటలో హత్య జరిగిందంటే ఊరు ఒప్పుకోదు. ఊరు ఒప్పుకోని కేసును మోసే ఓపిక ఆయనకు లేదు. కాలు జారితే అందరికీ మేలు. దానికి ఒక తమ్ముడి మాట కావాలి. ఆ తమ్ముడికి కళ్లు మండుతున్నాయి, మతి చెదిరింది, ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడ్డాడు. అప్పుడు గురువు శిష్యుణ్ని గుర్తించాడు. మరుసటి ఏడు ఆదోనికి బదిలీ అయినప్పుడు, ఆ ప్రతిభను పల్లెలో వృథా పోనీయకుండా వెంట తెచ్చుకుని, ఠాణా ఎదుట బండి పెట్టించాడు. మన శాఖలో ప్రతిభకు ప్రోత్సాహం లేదనేవారు ఈ ఉదాహరణ గమనించాలి.

"ఇప్పుడేమంటావు?" అంది హులిగమ్మ.

"రాయే వదినా."

"నాకు సెప్తే ఏం లాభం? యాడ అబద్దం సెప్పినావో ఆడ సెప్పు."

హత్యకు కాలదోషం లేదు. హులిగమ్మ పేర ఫక్రుద్దీన్ సాబ్ ప్రైవేటు ఫిర్యాదు దాఖలు చేశాడు. ఇటువంటి ఫిర్యాదులో మెజిస్ట్రేటు ముందు ఫిర్యాదిని, సాక్షులను ప్రమాణం మీద విచారించాలి. ఆధారం ఉందని తోస్తేనే ముద్దాయికి సమన్లు పంపాలి. ఆధారం అంటే మద్దయ్య. వాయిదాకు ముందు ముగ్గురూ ప్లీడరు గదిలో కూర్చున్నారు.

"చెయ్యి చాలదు మద్దయ్యా," అన్నాడు ఫక్రుద్దీన్ సాబ్. "రాగి కడెం ఆ పక్క సగం మందికి ఉంటాది. మొగం కావల్ల."

"కనపడల్యా సాబ్."

"అబద్ధం చెప్పమనడం ల్యా నేను. గుర్తు తెచ్చుకో అంటాండా. ఒకసారి ఆ ఊరికి పోయి, ఆ చోట నిలబడి, కండ్లు మూసుకొని..."

ఆయన మాట మధ్యలో తెగిపోయింది. ఏళ్లకేళ్లుగా తాను ఎవరి పాఠాలను బోనులో చీల్చి చెండాడడానికి చూశాడో, ఆ పాఠం ఇప్పుడు తన నోటి నుంచే వస్తున్నదని ఆయనకు అర్థమైంది. సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు. తిరిగాడే గాని, మాట వెనక్కి తీసుకోలేదు. న్యాయం తన వైపున్నప్పుడు వీధిదీపం ఎవరికైనా ముద్దే.

హులిగమ్మకు సిగ్గుపడవలసిన పని లేదు. "పోయి నిలబడు. ముక్కూ మొగం తెలీనోల్లందరికీ మొగాలు పెట్టి జైలుకు తోల్తివి. మీ అన్నను సంపినోనికి ఒక్క మొగం పెట్టల్యావా? అబద్దం కూడా కాదు గదరా. వాడే. నీకు తెల్సు, నాకు తెల్సు."

"నీకు తెల్సు వదినా. నాకు తెల్దు."

"తెల్దంటే?"

"పోయి నిలబడితే పెద్దయ్య మొగం వస్తాది. రాకుండా పోదు. రమ్మంటే వచ్చేది నా పని గదా, ఎన్నిటిని రప్పించినా! దీపం కింద వచ్చినట్ల ఎంత సక్కగా వస్తాదో నాకు తెల్సు. అది వచ్చినాక ఈ దుమ్ము పోతాది. అన్నది నా కాడ ఉండేది ఈ దుమ్మొకటే వదినా."

హులిగమ్మ లేచి బయటికి పోయింది.

అదే వారం భీమసేనరావు మంత్రాలయం పరిమళ ప్రసాదం పొట్లంతో బండి దగ్గరికి వచ్చాడు. సోడా తాగలేదు. "గురువారం పూట నీ పేర అర్చన చేయించినానోయ్. మనసు కుదురుకుంటుంది. మనిషికి ఒక్కోసారి జరగనివి కూడా జరిగినట్ల తోస్తాయి," అన్నాడు.

"మీ దయ సామీ. నాకు ఇన్నేండ్లు తోసింది అదే గదా," అన్నాడు మద్దయ్య.

విచారణ నాడు బోనులో నిలబడినవాణ్ని చూసి మెజిస్ట్రేటు ప్రసన్నుడయ్యాడు. పాత ముఖం. తీర్పుల్లో తాను ప్రశంసించిన సాక్షి. వాంగ్మూలం మొదలైంది. పిడకలాట, దుమ్ము, చెయ్యి, కడియం, రాయి.

"సరే. ముఖం?"

"కనపడల్యా సార్."

"ఎంత దూరంలో ఉన్నావు?"

"తెల్దు సార్. జనంలో నెట్టుకుంటాండిరి."

"పగలే కదా?"

"పగలే సార్. దుమ్ము."

మెజిస్ట్రేటు నొచ్చుకున్నాడు. "ఎన్నేళ్లుగానో నీ సాక్ష్యం వింటున్నాను. చీకట్లో కూడా నీ చూపుకు తిరుగు లేదే. పట్టపగలు ఇలా అయిందేమిటి?"

"ఆ పొద్దు మాత్రమే సార్."

"కాలు జారి పడ్డాడని అప్పట్లో పోలీసుల ముందు చెప్పావట. అది అబద్ధమా, ఇది అబద్ధమా?"

"అది సార్."

"మరి ఈ కోర్టులో ఇన్నాళ్లూ చెప్పినవి?"

ఫక్రుద్దీన్ సాబ్ తల ఎత్తాడు. వెనక బెంచీ మీద భీమసేనరావు పెదవులు స్తోత్రం చదువుతున్నట్లు కదిలాయి.

"అవీ సార్," అన్నాడు మద్దయ్య.

టైపు మిషను మీద గుమాస్తా వేళ్లు లేచి ఆగాయి; అతడు మెజిస్ట్రేటు వైపు చూశాడు. ఆ రెండు మాటలు కాగితం మీద పడితే అబద్ధపు సాక్ష్యం నేరానికి ఈ సాక్షిపై చర్య తీసుకోవాలి. చర్య తీసుకుంటే అతడు అబద్ధం చెప్పాడని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే, ఆ అబద్ధాల మీద నిలబడిన తీర్పులన్నీ, గొర్రెల కాపరిది మొదలుకొని, తిరగతోడాలి. ఆ తీర్పుల కింద ఉన్న సంతకం ఈ మెజిస్ట్రేటుదే. ఆయన ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఆ ప్రశ్నకు ప్రస్తుత ఫిర్యాదుతో సంబంధం లేదు. రాయవద్దు," అన్నాడు.

తన ప్రశ్నను తానే అప్రస్తుతమని కొట్టివేసుకున్న న్యాయాధికారి నిష్పాక్షికతను ఏ పాఠ్యగ్రంథమూ ఇంతవరకు కీర్తించలేదు. ఆ లోపాన్ని ఈ వాక్యంతో పూరిస్తున్నాను.

ఉత్తర్వు అప్పటికప్పుడే వెలువడింది. ప్రత్యక్ష సాక్షినని చెప్పుకునేవాడికి ఉండవలసిన స్పష్టత ఇతడి మాటల్లో లేదు. దూరం తెలియదు, ముఖం తెలియదు. సత్యం పలికే సాక్షి ఇంత తడబడడు. విచారణ సాగించడానికి తగిన ఆధారం లేనందున ఫిర్యాదు కొట్టివేయడమైనది.

భీమసేనరావు జోడించిన చేతులు కళ్లకద్దుకుని బయటికి నడిచాడు. ఫక్రుద్దీన్ సాబ్ కోటు విప్పి భుజాన వేసుకుని, పై కోర్టుకు పోదామని ఒకసారి అని, తన మాట తానే నమ్మనట్లు ఊరుకున్నాడు. వరండాలో హులిగమ్మ స్తంభానికి చేరగిలబడి కూర్చుంది. మద్దయ్య ఆమెకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"ఆ కడెం సెయ్యి లేచినప్పుడు," అంది ఆమె, అతడి వైపు చూడకుండా, "సూస్తానే ఉంటివి గదా. ఎవుని సెయ్యా అని తల తిప్పి సూడల్యావా? అంత మాత్రం సూడల్యావా?"

"కండ్లు మూసుకుంటి వదినా."

"ఎందుకు?"

గుర్తు తెచ్చుకుంటున్నప్పుడు అతడు కళ్లు మూసుకోవడం కోర్టులో అందరూ చూసినదే. ఈసారి మూయలేదు. ఎండలోకి చూస్తూ, తెగిపోతూ అతుక్కుంటూ మాట్లాడాడు.

"అన్న నా పక్కకు తిరిగి ఉండె. నవ్వుతాండె. ఒళ్లంతా పిడక పొడి. నా మిందికి ఒక పిడక వస్తాంటే సూసినాడు. ఎనకాల లేచిన సెయ్యి ఆయప్పకు కనపడల్యా. నాకు కనపడె. అరుస్తామనేలోగా అన్నే అరిసె. 'మద్దా, కండ్లు మూసుకోరా, దుమ్ము పడతాది' అనె. మూసుకుంటి. అన్న సెప్తే మూసుకుంటి వదినా. ఆ పిడక వచ్చి నా మొగాన పగిలె. సద్దు ఒకటి ఇనపడె. ఇంగ తెరిస్తే ఏం కనపడల్యా. దుమ్ములో తడిమితే అన్న కింద పడుండె."

"ఇది కోర్టులో సెప్పల్యాదే?"

"అడగల్యాదు గదా. మొగం అడిగిరి, దూరం అడిగిరి."

వరండాలో బంట్రోతు ఇంకెవరి పేరో మూడుసార్లు పిలిచాడు. ఎవరో పరుగెత్తారు. హులిగమ్మ కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

"పడినాక? ఏమన్నా అనెనా?"

"అనె. 'దుమ్ము పోయిందా?' అనె. అంతే."

"నన్నేమన్నా తలుసుకున్నాడా?"

మద్దయ్య ఆమె ముఖం చూశాడు. దానికి ఎంత కావాలో అతడికి తెలుసు. ఆ మాటను తయారు చేయడానికి అతడికి నిమిషం కూడా అక్కర్లేదు. ఏ గొంతుతో, ఎంత మెల్లగా, ఏ పేరుతో పిలిచి ఉంటే ఆమెకు ఈ జన్మకు సరిపోతుందో అతడి నాలుక మీద సిద్ధంగా ఉంది. అది ఏ నిరపరాధినీ జైలుకు పంపదు.

"ల్యా వదినా," అన్నాడు.

"అనల్యాదా?"

"అనల్యాదు."

హులిగమ్మ తల ఊపింది. ముఖం మీద కొంగు లాక్కుని తుడుచుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆమె గొంతులో ఏళ్లనాటి పాత విసుగు, ఇంట్లో మనిషి మీద మాత్రమే చూపగలిగే విసుగు, పలికింది.

"ఆయప్ప ఎప్పుడూ అంతే. ఆ పొద్దు ఆటకు పోతా కూడా నాకు సెప్పి పోల్యాదు."